ఎడమ మలుపుల బస్సు

నొప్పి ఎక్కడ పుట్టినా చివరికి చేరాల్సింది కంప్యూటర్లోకేనని మా సంస్థ ఆసుపత్రి వారు కనిపెట్టిన రోజుల్లోనే, సింహాచలం అన్న మెడ కుడివైపు తిరగడం మానేసింది. కొంచెం లోకజ్ఞానం ఉన్న మెడ అయితే ఒక ఏడాది ముందే మానేసేది. అప్పట్లో డాక్టరు గారు మెడ పట్టుకుని చూసి, మెడనొప్పి అని ఒక్క ముక్క రాసి, మందిచ్చి, తేలిక పని ఇవ్వమని డిపోకి చీటీ పంపేవారు. అంత అనాగరికంగా మేం ఎలా బతికామో తలుచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది.

నేను కండక్టర్ని. పేరు హైమావతి. మాది బస్సుల సంస్థ. దాని పేరు చెప్పను. విజయనగరం దాటాక ఎక్కడో ఒకచోట ఉందనుకోండి, చాలు. సింహాచలం అన్న డ్రైవరు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు స్టీరింగు పట్టుకున్నాడు, నెరిసేదాకా వదల్లేదు. మెడ మాత్రం అతన్ని వదిలేసింది.

బస్సు భాషంతా విజిల్లో ఉంటుంది. ఒకటి వేస్తే ఆగమని, రెండు వేస్తే కదలమని. కండక్టరు రెండు వేయందే ఏ డ్రైవరూ బండి కదపడు. సాక్షాత్తూ మేనేజరు గారు ఎదురుగా నిలబడి కదలమన్నా కదపడు. అన్న మెడ పట్టేశాక మేమిద్దరం ఆ భాషలో ఇంకో మాట కలుపుకున్నాం. మూడు విజిళ్ళు వేస్తే కుడివైపు నుంచి ఏదో వస్తోందని అర్థం. టికెట్లు కొడుతూనే కిటికీలోంచి చూస్తూ, అతని మెడ చేయాల్సిన పని నేను చేసేదాన్ని.

ఒక సంత రోజు వెనక సీట్ల దగ్గర ఇరుక్కుపోయాను. ఒకావిడ కోడిపుంజుకి టికెట్టు ఎందుకు కొట్టాలో చెప్పమని నన్ను నిలదీస్తోంది. ఆ గొడవలో మూడు విజిళ్ళు వేయడం ఆలస్యమైంది. కుడివైపు నుంచి ఒక స్కూటరు వచ్చింది. దాని మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో పసిపిల్ల. బ్రేకు పడింది. కోడిపుంజు ఎగిరి నా నెత్తిన పడింది. కిందికి దిగి చూస్తే స్కూటరుకీ బస్సుకీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. పిల్ల నవ్వుతోంది, తల్లి ఏడుస్తోంది.

సింహాచలం అన్న స్టీరింగు మీద తల పెట్టుకుని ఉండిపోయాడు.

"ఇంక ఈ మెడతోటి నాను బండి ఎక్కను అయిమా. జనం నన్ను నమ్మి ఎనకాల కూకుంటారు. పేనాలు తీసీసినాక సారీ సెప్తే సరిపోతాదేటి?" అన్నాడు.

ఎక్కనంటే కుదరదు. ఆసుపత్రి చీటీ లేకుండా బండి ఎక్కకపోతే గైరుహాజరు. గైరుహాజరైతే ఉద్యోగం పోతుంది. ఇల్లు గడవాలంటే చీటీ కావాలి. అందుకని మర్నాడే అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

గుమ్మం మీద కొత్త బోర్డు ఉంది. "అనిర్దిష్టమైన నొప్పులు స్వీకరించబడవు."

లోపల వైద్యాధికారి వాచస్పతి గారు కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీద పైన ఎక్కడో ఉన్న కంప్యూటరు తెర వైపు చూస్తున్నారు. కింద పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని పైకి ఎక్కించారట. వచ్చిన రోగి మొహం చూడటానికి ఆయన తల కిందికి దించాల్సి వస్తుంది కాబట్టి దించరు. ఆయన పక్కన కామేశం గారు. ఈయన ఇదివరకు స్టోర్సులో టైర్లు లెక్కపెట్టేవారు. ఇప్పుడు సంకేత నిర్ధారణాధికారి. ఒక్కో నొప్పికి ఒక్కో సంకేతం, అంటే ఓ అక్షరం, దాని వెనక కొన్ని అంకెలు వేయడం ఆయన పని. సంకేతం పడితేనే నొప్పి. పడకపోతే అది మీ ఇంటి విషయం.

"ఏం బాధ?" అన్నారు డాక్టరు గారు తెరతో.

"మెడ బాబూ. కుడేపుకి తిప్పితే నొప్పి."

కామేశం గారు వేలెత్తి ఆపారు. "నొప్పి కుడివైపు ఉన్నదా, కుడివైపుకు తిప్పినప్పుడు ఉన్నదా?"

"తిప్పినప్పుడే బాబూ."

"తిప్పనిచో?"

"తిప్పకపోతే కొంచెం తక్కువుంటాది."

"అయినచో తిప్పవద్దు," అన్నారు కామేశం గారు. వైద్యం అయిపోయిందేమో అనుకుని మేం లేవబోయాం.

డాక్టరు గారు తెర మీంచి చూపు తిప్పకుండానే మాకు బోధించారు. "చూడమ్మా, వేదన వ్యక్తిగతం. సంకేతం సార్వజనీనం. వేదనతో వచ్చినవాణ్ణి సంకేతంతో పంపడమే ఆధునిక వైద్యం. కామేశం గారూ, కారణం కానివ్వండి."

కారణాల జాబితా చాలా పెద్దది. నిచ్చెన మీంచి పడుట. ఊయల మీంచి పడుట. నీటిలోకి తలకిందులుగా దూకుట. ఎద్దు కుమ్ముట. నెత్తిన కొబ్బరికాయ పడుట. మనిషికి మెడ నొప్పి పుట్టడానికి ఇన్ని దార్లున్నాయని తెలిస్తే ఎవరూ ఇల్లు కదలరు. ఇన్నిట్లో బస్సు నడపడం లేదు.

"నడపడం ఉన్నది," అన్నారు కామేశం గారు నొచ్చుకుంటూ. "కాని అది మోకాలి కింద ఉన్నది."

నాకు ఒళ్ళు మండింది. "కొబ్బరికాయ వేసెయ్యండి," అన్నాను.

"పచ్చిదా, ఎండుదా?"

"అబద్దం ఎందుకు బాబూ, నామీద కాయలేటీ పడనేదు," అన్నాడు అన్న. అతనితో ఇదే బాధ, నిజం చెప్తాడు. "ఇదివరకు అన్నిటికీ కిందన 'ఇతరములు' అని ఉండేది గదా?" అని అడిగాడు.

ఇతరములు రద్దు చేశారట. ఆ ఒక్క గడి ఉంటే రోగులంతా అందులోనే దూరుతున్నారని పైవారు కనిపెట్టారట. చివరికి డాక్టరు గారే ఒక దారి చూపించారు. రోగి రోజంతా ఏం చేస్తాడు? గుండ్రంగా ఉన్న వస్తువుని చేత్తో తిప్పుతాడు. జాబితాలో గుండ్రటి వస్తువుని తిప్పడం అంటే ఒక్కటే ఉంది. కాబట్టి సింహాచలం అన్న మెడనొప్పికి కారణం 'తిరగలి విసురుట' అని నమోదైంది. యంత్రం వెంటనే సలహా కాగితం కూడా బయటకు తోసింది. "ఇంటి పనులు కుటుంబ సభ్యులతో పంచుకొనవలెను."

అంతటితో పని అవలేదు. తేలిక పని రావాలంటే అది దీర్ఘకాలిక నొప్పి అయి ఉండాలి. దీర్ఘకాలికం అంటే మూడు నెలలు ఎడతెగకుండా నొప్పి పెట్టాలి.

"ఏడాది దాటిపోనాది బాబూ," అన్నాడు అన్న.

"ఎడతెగకుండా?"

"ఎడతెగకుండానే."

"నిద్రలో?"

అన్న ఆలోచించాడు. "నిద్దర్లో నాకేటి తెలుస్తాది బాబూ?"

కామేశం గారి మొహం వెలిగింది. ఆ మొహంలో అంత వెలుగు ఆయన టైర్లు లెక్కపెట్టే రోజుల్లో నేను చూడలేదు. రోగి వాంగ్మూలం ప్రకారం నొప్పి రాత్రిపూట తెగిపోతోంది. పొద్దున్న పుట్టేది కొత్త నొప్పి. అంటే ఇది దీర్ఘకాలిక నొప్పి కాదు, రోజూ పుట్టి రోజూ నయమవుతున్న తాత్కాలిక నొప్పి. ఆ లెక్కన మా ఆసుపత్రి సింహాచలం అన్నని ఒక్క ఏడాదిలో మూడువందల పైచిలుకు సార్లు బాగుచేసింది. ఆ విజయాలన్నీ ఆయన అప్పటికప్పుడే యంత్రంలో ఎక్కించుకున్నారు.

మర్నాడు అన్న భార్య అచ్చియ్యమ్మ వదినని సాక్ష్యానికి తీసుకెళ్ళాం.

"రాత్రంతా మూలుగుతానే ఉంటాడు బాబూ. నాకూ నిద్దర నేదు, ఆడికీ నేదు," అంది వదిన.

"ఆ మూలుగు మెడ వలన వచ్చినదా, కల వలన వచ్చినదా?" అన్నారు కామేశం గారు.

"అదేటి బాబూ, మీ ఇంట్లో కలొస్తే మూలుగుతారా?"

ఈ ప్రశ్నకి సంకేతం లేదు కాబట్టి కామేశం గారు తర్వాతి గడిలోకి వెళ్ళిపోయారు. అన్నట్టు, ఇదంతా జరుగుతున్నంతసేపూ డాక్టరు గారు ఎడంచేత్తో తన మెడ వెనక గట్టిగా రుద్దుకుంటూనే ఉన్నారు. గది నిండా నొప్పుల బామ్ వాసన. మీకూ మెడనొప్పా సార్ అని అడిగాను. "నొప్పి కాదమ్మా, అలసట. నొప్పి అంటే నమోదు చేయవలసి వస్తుంది," అన్నారు.

సింహాచలం అన్న మెడ మీద మాత్రం ఆ రెండు రోజుల్లో ఎవరూ వేలు కూడా పెట్టలేదు. ముట్టుకుంటే ఆ సంగతి నింపడానికి యంత్రంలో గడి లేదు.

వారం తిరక్కుండానే డిపోకి ధ్రువపత్రం వచ్చింది. "శ్రీ సింహాచలం మెడ కుడివైపుకు తిరుగుటలో అసమర్థత కలదు. ఎడమవైపునకు సంపూర్ణ సామర్థ్యము కలదు." మా డిపో మేనేజరు గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మమ్మల్ని చూసి నిట్టూర్చారు.

"సగం మెడ ఆరోగ్యంగా ఉన్న ఉద్యోగికి పూర్తి తేలిక పని ఇచ్చుట నా మనస్సాక్షికి విరుద్ధం. ఎంతవరకు అసమర్థతో అంతవరకే మినహాయింపు. ఇకమీదట ఇతను కుడివైపుకు తిప్పనవసరం లేదు," అన్నారు.

అలా పుట్టింది మా ఎడమ మలుపుల సర్వీసు. డిపో గేటు దాటి ఎడమకి, గడియారం స్తంభం దగ్గర ఎడమకి, రైతుబజారు దగ్గర ఎడమకి, ఆసుపత్రి దగ్గర ఎడమకి. మళ్ళీ డిపో.

"సార్, స్టాపులోంచి బండి రోడ్డెక్కాలన్నా కుడివైపే చూడాలి," అన్నాను.

"అది మలుపు కాదమ్మా, కదలిక. పత్రంలో కదలిక ప్రస్తావన లేదు."

మొదటి రోజు బస్టాండుకి వెళ్ళాలని ఎక్కినవాళ్ళు ఊరంతా చూసి ఎక్కిన చోటే దిగారు. ఒకాయన నన్ను తిట్టాడు. రెండో రోజు ఆయనే భార్యని కూడా తీసుకొచ్చి ఎక్కాడు, ఇంట్లో ఫ్యాను పాడైందట. పై ఆఫీసుకి మాత్రం మా బస్సు కన్నుల పండువైంది. బయల్దేరిన చోటికి ప్రతిసారీ ఠంచనుగా చేరుతోంది. సమయపాలనలో మా డిపో మొదటిది. అటు ఆసుపత్రిలో కుడివైపు మెడనొప్పి ఫిర్యాదులు ఒక్కటి కూడా లేవు, ఎందుకంటే ఉన్న ఒక్క ఫిర్యాదునీ పరిష్కరించేశారు.

నేను మూడు విజిళ్ళు వేస్తూనే ఉన్నాను. రాత్రి ఇంటికెళ్ళి పడుకున్నా కుడివైపు నుంచి లారీలు వచ్చేవి. అన్న బాగా తగ్గిపోయాడు. మాట్లాడటం కూడా తగ్గించాడు. "ఏ రోజున ఎవుల మీద ఎక్కించీస్తానో సెల్లీ," అని ఒక్కటే మాట.

ఈలోగా ఆసుపత్రికి సన్మానం ప్రకటించారు. అనిర్దిష్ట నొప్పి లేని మొదటి ఆసుపత్రి అట. వాచస్పతి గారు, కామేశం గారు రాజధానికి వెళ్ళి శాలువాలు కప్పించుకోవాలి. సాయంత్రం రైలు. బయల్దేరే వేళకి ఆసుపత్రి జీపు మొరాయించింది. ఇద్దరూ పెట్టెలతో గేటు ముందు నిలబడి ఉండగా మా బస్సు వచ్చింది. మా బస్సు ఎప్పుడూ వస్తుంది కదా.

"స్టేషనుకి పోనీవయ్యా," అన్నారు డాక్టరు గారు ముందు సీట్లో కూర్చుంటూ.

స్టేషను గడియారం స్తంభం దగ్గర కుడివైపు. అన్న ఎడమకి తిప్పాడు.

"ఇదేమిటి? స్టేషను అటు కదా!"

"నాకు అటేపు నేదండి. తమరే తీసీసినారు," అన్నాడు అన్న. ఎగతాళికి అనలేదు, అతనికి ఎగతాళి రాదు.

బస్సు రైతుబజారు చూపించింది, ఆసుపత్రి చూపించింది, డిపో చూపించి మళ్ళీ గడియారం స్తంభం దగ్గరికి తెచ్చింది. కామేశం గారు చెమటలు తుడుచుకుంటూ, ఈ ఒక్క మలుపుకి సవరణ ఉత్తర్వు ఇవ్వవచ్చునని, కాని దానికి త్రిసభ్య సంఘం కూర్చోవాలని, ఇద్దరు సభ్యులు ఇక్కడే ఉన్నా మూడోవారైన డిపో మేనేజరు గారు టిఫినుకి వెళ్ళారని చెప్పారు. డాక్టరు గారు ఆయన్ని మొదటిసారి తిట్టారు. ఎక్కడో రైలు కూత వినిపించింది. అది ఏ రైలో తెలీదు కాని డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

స్తంభం దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెట్టడంతో బస్సు ఆగి ఉంది. డాక్టరు గారు డ్రైవరు సీటు వెనక్కి వచ్చి, "తిప్పలేకపోవడం ఏమిటి? ఏదీ, చూడనీ," అంటూ అన్న మెడ మీద చెయ్యి వేశారు. పైన తెర లేదు, పక్కన గడులు లేవు. ఆయనకి ఇంకేం చేయాలో తోచక, చదువుకున్న చదువు వేళ్ళలోకి వచ్చినట్టుంది. అక్కడ నొక్కారు, ఇక్కడ నొక్కారు. అన్న "అమ్మా" అన్నాడు. డాక్టరు గారి మొహం మారిపోయింది.

"చేతికి తిమ్మిరి ఉందా?"

"ఉన్నాదండి. కుడి సెయ్యి మొద్దుబారిపోతాది. స్టీరింగు పట్టుకున్నానో నేదో ఒక్కోపాలి తెలీదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతేనండి." పోలీసు చెయ్యి దించాడు. నేను రెండు విజిళ్ళు వేశాను. అన్న గేరు వేశాడు.

"ఆపు! ఆపవయ్యా!" అని డాక్టరు గారు పెట్టిన కేకకి సంతలో కోడిపుంజు కూడా సాటిరాదు. "ఎముక అరిగిపోయి నరం నొక్కుతోంది! ఇలాంటి మనిషి చేతికి బస్సు ఎవరిచ్చారు?"

"తమరేనండి," అన్నాను.

ఆయన విననట్టు దిగిపోయారు. కామేశం గారు పెట్టెలతో వెనకాలే దిగారు. ఇద్దరూ ఆటో ఎక్కి కుడివైపుకి వెళ్ళిపోయారు. రైలు అందింది. శాలువాలు కప్పారు. ఫోటో పేపర్లో కూడా వచ్చింది. డాక్టరు గారి మెడ కొంచెం ఒక పక్కకి ఉంది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా డాక్టరు కదా, చేత్తో చూశాడు, భయపడ్డాడు, ఇంక రాసేస్తాడు అనుకున్నాను. అచ్చియ్యమ్మ వదిన పైడితల్లమ్మకి మొక్కుకుంది. అనుకున్నట్టే సోమవారం పొద్దున్న ఉత్తర్వు వచ్చింది. డిపో మేనేజరు గారు దాన్ని కండక్టర్లందరికీ తలో కాపీ ఇచ్చి, పాటించమన్నారు.

బస్సు డిపో ముందు స్టాపులో నిండుగా ఉంది. అన్న ఇంజను వేసి, నా రెండు విజిళ్ళ కోసం చూస్తున్నాడు. నేను ఉత్తర్వు చదువుకున్నాను. ఇంకోసారి చదువుకున్నాను. తర్వాత, ఆదేశాలు ప్రయాణికులకి కూడా తెలియడం మంచిది కదా అని, బస్సు మధ్యలో నిలబడి గట్టిగా చదివాను.

"డ్రైవరు శ్రీ సింహాచలం మెడపై వైద్యాధికారి వారు చేతితో జరిపిన పరిశీలన సంకేతరహితమైనందున చెల్లనేరదు. అయినను విలువైన సిబ్బంది భద్రత దృష్ట్యా వైద్యాధికారులు, సంకేతాధికారులు, డిపో మేనేజరు సదరు డ్రైవరు నడుపు వాహనమున ప్రయాణించరాదు. సాధారణ ప్రయాణికుల సేవ యథాతథముగా కొనసాగవలెను."

వెనక నుంచి ఒకావిడ, "సాదారణ పెయాణికులంటే ఎవులమ్మా?" అంది. చూస్తే సంత రోజు కోడిపుంజు ఆవిడే.

"మనమే పెద్దమ్మా."

ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని దిగింది. ఫ్యాను పాడైనాయన భార్య చెయ్యి పట్టుకుని దిగాడు. తర్వాత మెట్ల దగ్గర తోపులాట అయింది. గేటు దగ్గర నుంచి మేనేజరు గారు పరిగెత్తుకొచ్చారు. "విజిలు వెయ్యి హైమావతీ! బండి కదలాలి! టైమవుతోంది!" అని అరిచారు. విజిలు నా మెళ్ళోనే ఉంది. దాన్ని తీసి సంచీలో వేసుకున్నాను.

సింహాచలం అన్న వెనక్కి తిరిగి చూడలేడు. అద్దంలోకే చూస్తూ, "జనం ఉన్నారా సెల్లీ?" అన్నాడు.

"ఎవరూ లేరన్నా. దిగిపోయారు."

అన్న ఇంజను ఆపేశాడు. ఆ రోజంతా బస్సు అక్కడే ఉంది. మర్నాడు కూడా ఎవరూ ఎక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. రాబడి పడిపోగానే మేనేజరు గారికి నొప్పి తెలిసింది. త్రిసభ్య సంఘం అప్పటికప్పుడు కూర్చుంది. తేలిక పని మంజూరైంది. కారణం అన్న చోట కామేశం గారు తిరగలి కొట్టేసి, 'ప్రయాణికుల లేమి' అని రాశారు. ఆ జబ్బుకి ఆయన దగ్గర సంకేతం తయారుగానే ఉంది. మెడ సంగతి అందులో ఎక్కడా లేదు.

ఇప్పుడు అన్న డిపోలో డీజిలు పంపు దగ్గర ఉంటాడు. మెడ కోసం వదిన అతన్ని విశాఖలో ఎవరికో చూపిస్తోంది. పంపు మీటరు కుడివైపు ఉంటుంది. అంకె చూడాల్సి వచ్చినప్పుడల్లా మనిషంతా తిరిగి చూస్తాడు. నిన్న అటు వెళ్తే చూసి జాలేసి, ఎలా ఉందన్నా అని అడిగాను.

"నొప్పి అలాగే ఉన్నాది అయిమా," అన్నాడు. "కానీ ఈ పంపు కదలదు గదా. రేత్రి నిద్దర పడతాంది."